ఆంధ్ర విద్యాపీఠ నిర్మాత

విశాఖపట్టణమున సముద్రతీరమునకు ఎగువగా ఎఱ్ఱమట్టి మిట్టలు కలవు. వానికి వాల్తేరు మిట్టలని పేరు. ఒకవైపు అంతులేని సముద్రము, మఱియొకవైపు దూరమున సింహాచలపు కొండల వరుస కన్పట్టుచుండును. ఆ మిట్టలపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భవనములు నిలిచియున్నవి. అచ్చటికి వెళ్లిన బాలబాలికలు ఆ కళాశాలలను, ప్రయోగశాలలను, గ్రంథాలయమును చూచి ఆశ్చర్యపడుదురు.

కాని యే విశ్వవిద్యాలయమైనను మొదట రాతితో కట్టబడదు. అది మొదట కాగితముపై కట్టబడును. చట్టము వ్రాయవలెను, సభలు కూడవలెను, వాదములు జరుగవలెను, తీర్మానములు పుస్తకములకు ఎక్కవలెను, భూమిని సంపాదింపవలెను, దాతల నాశ్రయింపవలెను. ఆ తరువాతనే పునాది త్రవ్వుటకు గునపము లేచును. భవనములు అందఱకును కన్పట్టును. వాని వెనుకనున్న శ్రమ కొందఱకే తెలియును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విషయమున అట్టి శ్రమను తన తలకెత్తుకొన్న మహనీయుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు.

రెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు. చిన్ననాటనే రెడ్డిగారికి తెలుగు కావ్యములయందును, ఇంగ్లీషు గ్రంథములయందును సమానమైన ప్రీతి కలిగెను. ఉన్నత విద్యకై ఆయన మదరాసు చేరి అచ్చటి క్రైస్తవ కళాశాలలో చదివిరి. ఆ కాలమున ఇంగ్లీషు చదివినవారు మాతృభాషను చులకనగా చూచుట పరిపాటి. రెడ్డిగారు అట్టివారు కారు. విద్యార్థిగా నున్నప్పుడే, ఇరువదియేండ్లు నిండకమునుపే, ఆయన ముసలమ్మ మరణమను కావ్యమును రచించిరి.

ఆ కావ్యమునందలి కథ అనంతపురమునకు సమీపముననున్న బుక్కరాయసముద్రపు చెఱువునకు సంబంధించినది. ఒకప్పుడు పెద్దవాన కురిసి ఆ చెఱువుకట్ట తెగుటకు సిద్ధమయ్యెను. కట్ట తెగినచో ఊరు మునుగును. ఊరిలోని ఒక యింటి కోడలు ముసలమ్మ. పేరు ముసలమ్మయే కాని ఆమె వయసున చిన్నది. ఆమె బలియైనచో గాని కట్ట నిలువదని దైవవాణి పలికెనట. ఆమె ఇల్లు వాకిలి, భర్త బిడ్డలు, అందఱిని విడిచి గండిలో ప్రవేశించెను. కట్ట నిలిచెను, ఊరు బ్రదికెను. పదిమంది బ్రదుకునకై ఒకరు తమ సర్వస్వమును విడుచుట యనునది యువకుడైన రెడ్డిగారి హృదయమున నాటుకొన్న భావము. ఆయన జీవితములో ఆ భావమునకు పరీక్షలు మున్ముందు రానుండెను.

1902వ సంవత్సరమున ప్రభుత్వ విద్యార్థి వేతనము లభింపగా రెడ్డిగారు ఇంగ్లండునకు వెళ్లి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిరి. అచ్చటి విద్యార్థుల వాదసభకు గొప్ప పేరు కలదు. ఇంగ్లండులో మంత్రులైన వారెందఱో చిన్ననాడు ఆ సభలోనే మాటలాడ నేర్చిరి. పరదేశమునుండి వచ్చిన రెడ్డిగారు తమ వాగ్ధాటిచే ఆ సభకు ఉపాధ్యక్షులుగా ఎన్నుకొనబడిరి. ఆయన కేంబ్రిడ్జిలో చూచినది చదువు మాత్రమే కాదు. వందల యేండ్లనుండి నిలిచిన కళాశాలలను, వానిని పోషించిన దాతల కీర్తిని, గురుశిష్యులు ఒక్కచోట నివసించుచు విద్యను వృద్ధి చేయుటను ఆయన కన్నులార చూచిరి. మనదేశమున అట్టివి ఏల యుండరాదను ప్రశ్న ఆయన వెంట తిరిగివచ్చెను.

స్వదేశమునకు వచ్చినపిమ్మట రెడ్డిగారు మొదట బరోడా కళాశాలలో పనిచేసిరి. తరువాత మైసూరు సంస్థానమునకు వెళ్లి మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులై, అనంతరము దానికి అధ్యక్షులైరి. 1916వ సంవత్సరమున మైసూరు విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఒక విశ్వవిద్యాలయము ఎట్లు పుట్టునో, దానికి ఎన్ని చిక్కులు కలుగునో రెడ్డిగారు దగ్గఱనుండి చూచిరి. 1918 మొదలు 1921 వఱకు ఆయన ఆ సంస్థానమున విద్యాశాఖకు ప్రధానాధికారిగా నుండిరి. అంటరానివారని వెలివేయబడిన కుటుంబముల పిల్లలకు పాఠశాలల వాకిండ్లు తెఱచియుండవలెనని ఆయన పట్టుపట్టిరి. విద్య కొందఱి సొత్తు కాదనునది ఆయన మతము.

ఉద్యోగమునందుండియు ఆయన తెలుగు రచనను మానలేదు. 1914వ సంవత్సరమున కవిత్వతత్త్వ విచారమను విమర్శ గ్రంథమును ప్రకటించిరి. అది తెలుగులో కావ్యవిమర్శకు క్రొత్తదారి చూపెను. ధనమును గూర్చిన శాస్త్రమును తెలుగువారికి తెలుగులోనే బోధింపదలచి అర్థశాస్త్ర గ్రంథమును రచించిరి.

1921వ సంవత్సరమున మైసూరు ఉద్యోగమును విడిచి రెడ్డిగారు రాజకీయములలో ప్రవేశించిరి. మదరాసు శాసనసభకు సభ్యులైరి. మొదట ఆయన జస్టిస్ పక్షమున నుండిరి. పిమ్మట ఆ పక్షపు నడవడి తమకు నచ్చక విడిపోయిరి. 1923 నవంబరులో ఆ పక్షపు మంత్రులపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. దానికి అనుకూలముగా 44, ప్రతికూలముగా 65 ఓట్లు వచ్చి ఆ తీర్మానము వీగిపోయెను. ఓడిపోవుదుమేమో యను భయముచే తమకు న్యాయమని తోచినదానిని చెప్పక మానుట ఆయనకు తెలియదు.

ఈ లోపల ఆంధ్రదేశమున ఒక కోరిక బలపడుచుండెను. ఆ కాలమున ఆంధ్ర జిల్లాలు మదరాసు రాజధానిలో భాగములు. రాజమహేంద్రవరము, విజయనగరము, విశాఖపట్టణము, కాకినాడ, బందరు, గుంటూరు మొదలగు పట్టణములలో కళాశాలలు కలవు. కాని అవన్నియు 1857వ సంవత్సరమున స్థాపింపబడిన మదరాసు విశ్వవిద్యాలయమునకు లోబడినవి. ఏ పరీక్షకైనను, ఏ పట్టమునకైనను తెలుగు విద్యార్థి మదరాసు వైపు చూడవలసినదే. 1913వ సంవత్సరమున బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది మొదలు తెలుగువారిలో స్వాభిమానము మేల్కొనెను. మైసూరు వారికి 1916లోను, నైజాము రాజ్యమున 1918లోను విశ్వవిద్యాలయములు వెలసెను. మాకును ఒకటి కావలెనని ఆంధ్రులు కోరిరి.

ఆ కోరిక ఫలించెను. విద్యామంత్రిగా నుండిన పాత్రో గారి పూనికచే శాసనసభ చట్టమును అంగీకరించెను. 1926వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమయ్యెను. రెడ్డిగారు దానికి మొదటి ఉపకులపతులైరి. బెజవాడ దానికి మొదటి కేంద్రస్థానము.

బాలురారా! మొదటి ఉపకులపతి యనగా నేమో ఒక్కసారి ఆలోచింపుడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారు లేరు. వెనుకటి పద్ధతి ఇట్టిదని చూపుటకు పాతకాగితము ఒక్కటియు లేదు. విశ్వవిద్యాలయమునకు సొంతభవనము లేదు; సొంత ఆచార్యులు లేరు; సొంత ప్రయోగశాల లేదు. ఉన్నదెల్ల ఒక చట్టము. ఆ చట్టమును అనుసరించి సెనేటు అను పెద్దసభను కూర్పవలెను. పాలనము చూచుటకు సిండికేటు అను చిన్నసభను నిలుపవలెను. పాఠ్యక్రమములను నిర్ణయించుటకు పండితుల మండలిని ఏర్పఱుపవలెను. పరీక్షలకు నియమములు వ్రాయవలెను, పరీక్షకులను నియమింపవలెను, కళాశాలలను పరిశీలింపవలెను. ఒక్క నియమము పొరపాటున వ్రాసినను దాని ఫలమును వేలకొలది విద్యార్థులు అనుభవింపవలసివచ్చును. రెడ్డిగారు ఈ పనులన్నిటిని ఓపికతో నడపిరి. సభలలో కోపతాపములు చెలరేగినప్పుడు ఆయన చమత్కార సంభాషణము ఎండవేళ పిల్లగాలివలె నుండెడిది.

విశ్వవిద్యాలయమునకు ఒక చిహ్నము కావలసియుండెను. రెడ్డిగారి సూచనల ననుసరించి చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రిగారు దానిని రూపొందించిరి. అందు ఉదయించు సూర్యుడు విశ్వవిద్యాలయమునకు గుర్తు. అతని కిరణములు అచ్చట బోధింపబడు శాస్త్రములకు గుర్తు. పద్మము లక్ష్మీసరస్వతుల కిద్దఱకును పీఠము. సముద్రము జ్ఞానమునకును, స్వస్తికము శుభమునకును సంకేతములు. రెండు సర్పములు జ్ఞానమును కాపాడువారికిని, దానిని అన్వేషించువారికిని గుర్తులు. విశ్వవిద్యాలయమునకు ఇంకను సముద్రపు ఒడ్డు దొరకకముందే, దాని ముద్రపై సముద్రము వెలసెనన్నమాట!

తరువాత పెద్ద చిక్కు వచ్చిపడెను. విశ్వవిద్యాలయము శాశ్వతముగా ఏ పట్టణమున నుండవలెను? బెజవాడ ఆంధ్రదేశమునకు నడుమ రైలుదారుల కూడలిలో నున్నది. రాజమహేంద్రవరము తెలుగు కవిత్వమునకు పుట్టినిల్లు. విశాఖపట్టణమున మంచి గాలి, విశాలమైన స్థలము, వైద్యకళాశాల కలవు. క్రొత్తగా రేవు నిర్మాణము కూడ జరుగుచుండెను. రాయలసీమవారు అనంతపురము పేరెత్తిరి. ప్రతిపట్టణమువారికిని తమ వాదము న్యాయముగనే తోచెను. సెనేటులోను, శాసనసభలోను, పత్రికలలోను ఈ వివాదము కొన్నియేండ్లు నడచెను. ఒక యింటిని ఎక్కడ కట్టవలెనో అన్నదమ్ములు తేల్చుకొనలేక వెచ్చించిన కాలములో ఇంటిలోని పిల్లలు చెట్టుక్రింద నుండవలసివచ్చునుగదా! స్థలము తేలనిదే దాతలు ధనమిచ్చుట కష్టము. ధనము లేనిదే కళాశాల లేదు. కడకు నిర్ణయము విశాఖపట్టణము పక్షమున జరిగెను. 1930వ సంవత్సరమున విశ్వవిద్యాలయము బెజవాడనుండి వాల్తేరునకు తరలెను.

నాలుగేండ్ల శ్రమ ఫలించు సమయము వచ్చెను. స్థలము స్థిరమయ్యెను. ఇక పునాదులు వేయవలెను, గోడలు లేపవలెను, ఆచార్యులను రప్పింపవలెను. తాను నాటిన మొక్కకు పూలు పూయునప్పుడు తోటమాలికి ఎంత సంతోషము! కాని సరిగా అప్పుడే రెడ్డిగారికి గొప్ప పరీక్ష ఎదురయ్యెను.

1930వ సంవత్సరమున గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమును ఆరంభించెను. దేశమంతయు కదలెను. ఆంధ్రదేశమున తీరగ్రామములలో జనులు ఉప్పు వండిరి. ప్రభుత్వము లాఠీలతోను చెఱసాలలతోను వారిని అణచుటకు పూనుకొనెను. ఆయుధము లేనివారిపై, ఎదురు దెబ్బ కొట్టనివారిపై దెబ్బలు పడెను. రెడ్డిగారు కాంగ్రెసు ఉద్యమమునందు చేరినవారు కారు. ఆయన ఒక విద్యాసంస్థకు అధిపతి. విశ్వవిద్యాలయమునకు కులపతి మదరాసు గవర్నరు. ప్రభుత్వపు సాయము లేక భవనములు లేవవు. నోరు మెదపక తన పని తాను చూచుకొన్నచో ఆయనను తప్పుపట్టువారు అరుదు. విద్యాలయమునకు మేలు చేయుటకే మౌనము వహించితినని చెప్పుకొనుటకు కూడ వీలుండెను.

అయినను ఆయన మనస్సు ఒప్పుకొనలేదు. యువకులకు సత్యమును, ధైర్యమును బోధింపవలసిన స్థానమున కూర్చుండి, కన్నులయెదుట జరుగు అన్యాయమును చూచి ఊరకుండినచో ఆ బోధకు విలువ యేమి? ప్రభుత్వపు నిర్బంధవిధానమునకు నిరసనగా రెడ్డిగారు ఉపకులపతి పదవికి రాజీనామా నిచ్చిరి. తాను పెంచిన సంస్థకు భవనములు లేచు సుదినమున తాను అచ్చట నుండనని తెలిసియే ఆయన ఆ పని చేసిరి. ఆ వార్త విని ఆంధ్రదేశము నివ్వెఱపోయెను. ముసలమ్మ కథను వ్రాసిన చేయియే ఆ రాజీనామా లేఖను వ్రాసెను.

1931వ సంవత్సరమున సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపకులపతులైరి. విశ్వవిద్యాలయపు అదృష్టమది. రెడ్డిగారు వేసిన దారిలో రాధాకృష్ణన్‌గారు వేగముగా నడచిరి. వాల్తేరు మిట్టలపై భవనములు ఒకటొకటిగా లేచెను. కళాశాలలు తెఱువబడెను. సూరి భగవంతముగారు భౌతికశాస్త్రమునకును, శేషాద్రిగారు రసాయనశాస్త్రమునకును వచ్చిరి. హీరేంద్రనాథ్ ముఖర్జీవంటి యువపండితులు దూరప్రాంతముల నుండి వచ్చి చేరిరి. 1933వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరు వాల్తేరునకు వచ్చి ఉపన్యాసము లిచ్చిరి. అదే సంవత్సరమున విశాఖపట్టణపు రేవుకూడ ఓడలకు తెఱువబడెను.

ఈ నిర్మాణములో జయపురము మహారాజు విక్రమదేవవర్మగారి ఔదార్యమును మఱువరాదు. ఆయన స్వయముగా తెలుగు కవి, పండిత పోషకుడు. విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయల శాశ్వతదానమును ఏర్పాటు చేసిరి. ఆ కాలమున లక్ష రూపాయలనగా అది సామాన్యమైన ధనము కాదు. ఒక్కసారి ఇచ్చు దానము గోడలను కట్టును. ఏటేట వచ్చు దానము ఆ గోడలలోపల దీపమును వెలిగించును. యంత్రములు అరిగిపోవును, గాజుపాత్రలు పగిలిపోవును, క్రొత్త గ్రంథములు కొనవలసివచ్చును. వానికి ప్రతియేడును ధనము కావలెను. వైజ్ఞానిక, సాంకేతిక శాస్త్రముల కళాశాలకు ఆ మహారాజు పేరు పెట్టబడెను.

1936వ సంవత్సరమున రాధాకృష్ణన్‌గారు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని స్వీకరించి వెళ్లిరి. రెడ్డిగారు మరల ఉపకులపతులుగా ఎన్నుకొనబడిరి. బెజవాడలో కాగితములతో ఆరంభించిన మనుజుడు వాల్తేరులో రాతిభవనముల నడుమకు తిరిగివచ్చెను. ఇతరుల కాలమున జరిగిన పనిని తగ్గించి చెప్పుటయో, మార్చివేయుటయో కొందఱకు అలవాటు. రెడ్డిగారు అట్లు చేయలేదు. జరిగినదానిని నిలుపుచు, దానిపై మఱి రెండు వరుసలు పేర్చిరి. ప్రకృతి విజ్ఞానమునకు మఱియొక కళాశాల వెలసెను. 1938వ సంవత్సరమున వాడుకభాష కొఱకు జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తిగారిని విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. పండితులలో పలువురు ఎదిరించిన మహావృద్ధుని విద్యాపీఠము ఆదరించుట ఆ నాటికి చిన్న విషయము కాదు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. సముద్రము విశాఖపట్టణమునకు అందము. యుద్ధకాలమున అదియే అపాయమయ్యెను. జపాను సేనలు సింగపూరును, రంగూనును పట్టుకొనెను. 1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. జనులు బండ్లపైనను కాలినడకను ఊరు విడిచిపోయిరి. వీధులు శూన్యమయ్యెను. వాల్తేరునందలి విశ్వవిద్యాలయ భవనములు సైన్యపు వశమయ్యెను. పాఠములు వినబడిన గదులలో బూట్ల చప్పుడు వినవచ్చెను.

ఎన్నియేండ్లో శ్రమించి కట్టిన భవనములు ఒక్క నెలలో చేజారినప్పుడు ఏమి చేయవలెను? యుద్ధము ముగియువఱకు విశ్వవిద్యాలయమును మూసివేయుట సులభమైన మార్గము. కాని ఆ నడుమ చదువు ఆగిపోయిన విద్యార్థుల గతి యేమి? వారి వయస్సు వారికొఱకు ఆగునా? రెడ్డిగారు విశ్వవిద్యాలయమును గుంటూరునకు తరలించిరి. కాగితములను, గ్రంథములను మూటగట్టుట ఒక యెత్తు. ప్రయోగశాలల పనిని మఱియొకచోట సాగించుట మఱియొక యెత్తు. సొంతగదులు లేవు, చోటు చాలదు, యుద్ధకాలమగుటచే వస్తువులు దొరకవు. అయినను బోధన ఆగలేదు, పరీక్షలు ఆగలేదు. విశ్వవిద్యాలయపు అస్తిత్వము భవనములలో లేదని, గురుశిష్యుల పట్టుదలలో నున్నదని ఆ గుంటూరు దినములు ఋజువు చేసెను. సొంతగూడు లేకయే బెజవాడలో సంస్థను పెంచిన మనుజునకు, గూడు పోయినప్పుడు దానిని కాపాడుట ఎట్లో తెలిసియుండెను.

యుద్ధము ముగిసినపిమ్మట విశ్వవిద్యాలయము తిరిగి వాల్తేరు చేరెను. గదులను మరల సరిచేసికొనవలసివచ్చెను. అప్పటికి రెడ్డిగారికి అఱువదియైదేండ్లు దాటెను. ఆ వయసున విశ్రాంతి కోరుట సహజము. ఆయన మాత్రము రానున్న స్వతంత్ర భారతమునకు ఏ విద్యలు కావలెనో ఆలోచించుచుండిరి. రేవులు, వంతెనలు, ఆనకట్టలు, కర్మాగారములు కట్టువారు కావలెను. 1946వ సంవత్సరమున విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు శాఖ నెలకొల్పబడెను. అది తరువాత పెద్ద కళాశాలగా వృద్ధిచెందెను.

1949వ సంవత్సరమున రెడ్డిగారు ఉపకులపతి పదవిని విడిచిరి. రెండు పర్యాయములు కలిపి పదునేడేండ్లకు పైగా ఆయన ఆ విద్యాపీఠమును నడపిరి. ఆయన స్థానమున వాసిరెడ్డి శ్రీకృష్ణగారు ఉపకులపతులైరి. పిమ్మట రెడ్డిగారు మైసూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షపదవులలో ఒకటియగు ప్రొ ఛాన్సలరు పదవిని నిర్వహించిరి. యౌవనమున పాఠము చెప్పిన చోటికే వార్ధక్యమున పెద్దగా వెళ్లిరన్నమాట. 1951వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన ఆయన కన్నుమూసిరి. ఆయన వివాహము చేసికొనలేదు. విద్యార్థులే ఆయన సంతానము.

ఆయన మరణించిన రెండేండ్లకు, 1953వ సంవత్సరమున, ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. తెలుగువారికి రాష్ట్రము రాకముందు ఇరువదియేడేండ్ల క్రిందటనే విశ్వవిద్యాలయము వచ్చెననుట గమనింపదగిన విషయము. ఆ దీపమునుండి మఱికొన్ని దీపములు వెలిగెను. 1954వ సంవత్సరమున రెడ్డిగారి సొంత జిల్లాయైన చిత్తూరులో, తిరుపతియందు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. యుద్ధకాలమున ఆశ్రయమిచ్చిన గుంటూరు చెంత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఒక కేంద్రమును నెలకొల్పగా, అదియే 1976వ సంవత్సరమున నాగార్జున విశ్వవిద్యాలయముగా రూపొందెను. విశాఖపట్టణమో, రాయలసీమయో, కృష్ణాతీరమో యని ఒకనాడు కలహించిన వారందఱకును కాలక్రమమున విద్యాపీఠములు లభించెను.

వాల్తేరులో పట్టప్రదానోత్సవములు జరుగు మందిరమునకు రెడ్డిగారి పేరే పెట్టబడెను. 1926వ సంవత్సరమునుండి లెక్కింపగా 2026వ సంవత్సరము ఏప్రిల్ నాటికి ఆ విద్యాపీఠమునకు నూఱేండ్లు. ఈ నూఱేండ్లలో అచ్చట చదివి పట్టములందుకొన్న వారిలో పలువురకు రెడ్డిగారు బెజవాడలో సొంతభవనము లేక పడిన పాట్లు తెలియవు. తెలియకపోయినను ఆ శ్రమఫలమును వారందఱును అనుభవించిరి.

చెఱువుకట్టపై నడచిపోవువాడు ఆ కట్ట క్రింద ఎవరి త్యాగమున్నదో తలంపడు. కాని కట్ట నిలిచినంతకాలము ఆ చెఱువు నీటితో పొలములు పండుచునే యుండును. రెడ్డిగారు కట్టిన కట్టయు అట్టిదే. ఆయన రాళ్లను ప్రేమించిరి. కాని రాళ్లకొఱకు మనస్సాక్షిని అమ్ముకొనలేదు. భవనములు కావలెనని శ్రమించిరి. భవనములు పోయిననాడు నిరాశపడలేదు. పదవి చేతనున్నప్పుడు పనిచేసిరి. న్యాయము కోరినప్పుడు పదవిని విడిచిరి. పిలుపు వచ్చినప్పుడు మరల పనికి వచ్చిరి. ఒక సంస్థను కట్టదలచినవారు ముందుగా కట్టవలసినది తమ శీలమును. ఆ పునాది గట్టిగా నున్నచో దానిపై లేచిన గోడలు తరతరములు నిలుచును.